ఆరుబయట చేతివృత్తుల మేళా: పనిని చూసి కొనేవారే కళకు అండ

వేసవి సెలవులు మొదలైనంతనే నగరాలలోను, జిల్లా కేంద్రాలలోను ఉద్యానవనాలు, మైదానాలు సాయంకాలపు మేళాలకు వేదికలవుతాయి. ఎండ తగ్గిన తరువాత పిల్లాపాపలతో కుటుంబాలు తరలివస్తాయి. చెట్ల నీడన, తాటాకు పందిళ్ళ కింద వరుసగా దుకాణాలు వెలుస్తాయి. కుండలు, బుట్టలు, కొయ్యబొమ్మలు, ఇత్తడి ప్రతిమలు, చిత్రపటాలు, చేనేత వస్త్రాలు ఒకేచోట కనిపిస్తాయి. వీటిని అమ్మేవారిలో అనేకులు వాటిని స్వయంగా తయారుచేసినవారే కావడం ఈ మేళాల ప్రత్యేకత.

దుకాణంలో వస్తువు మాత్రమే కనిపిస్తుంది. మేళాలో వస్తువుతోపాటు దానిని చేసిన చేయి కూడా కనిపిస్తుంది. ఈ తేడాను సందర్శకుడు గుర్తించినప్పుడే చేతిపనికి న్యాయమైన ధర లభిస్తుంది. గుర్తించనప్పుడు యంత్రంపై అచ్చయిన నకలు, చేతితో చేసిన అసలు పక్కపక్కనే ఉండి, తక్కువ ధర గల నకలు అమ్ముడుపోతుంది. అసలు మూటకట్టుకొని ఇంటికి తిరిగిపోతుంది. మేళాలో ఏమి చూడాలి, ఏమి అడగాలి, నిర్వాహకులు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్న అంశాలను హైదరాబాద్‌లోని శిల్పారామం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శిల్పారామం నేపథ్యం

గ్రామీణ కళాకారులకు నగరంలో శాశ్వత వేదిక కల్పించాలన్న సంకల్పంతో 1992లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శిల్పారామానికి రూపకల్పన చేసింది. మాదాపూర్‌లో సుమారు 65 ఎకరాల విస్తీర్ణంలో ఇది రూపుదిద్దుకొన్నది. అప్పటికి ఆ ప్రాంతం చాలావరకు రాళ్ళగుట్టలతో నిండి ఉండేది. పొరుగున సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998లో. అంటే నేడు సాఫ్ట్‌వేర్ సంస్థలకు పేరుపొందిన ఈ ప్రాంతానికి కుమ్మరి సారె, నేతమగ్గం ముందుగానే వచ్చి చేరాయి. 2019లో హైటెక్ సిటీ వరకు మెట్రో రైలు రావడంతో నగరం నలుమూలల నుంచి ఇక్కడికి చేరుకోవడం సులభమైనది.

ప్రాంగణంలోని గ్రామీణ మ్యూజియంలో పల్లె ఇళ్ళ నమూనాలు, వివిధ వృత్తులవారి నిలువెత్తు ప్రతిమలు ఉన్నాయి. మేళాకు వచ్చినవారు ముందుగా ఈ మ్యూజియంను చూడడం మంచిది. కుమ్మరి, మేదరి, కమ్మరి, సాలెల ఇళ్ళు, పనిముట్లు ఎలా ఉంటాయో తెలిసిన తరువాత దుకాణాల ముందు నిలిచినప్పుడు అక్కడి వస్తువుల పుట్టుక సులభంగా అర్థమవుతుంది. పిల్లలకు ఇది ఎంతో ఉపయోగకరం.

వేసవి వృత్తులు: మట్టి, వెదురు

వేసవి మేళాలో మొదట చూడవలసినది కుమ్మరి సారె. కుమ్మరులకు సంవత్సరంలో అత్యధిక గిరాకీ ఉండే కాలం ఇదే. చెరువులు ఎండి మట్టి తవ్వుకొనడానికి వీలయ్యేదీ, చల్లని నీటి కోసం ప్రజలు కుండ కొనేదీ ఈ నెలలలోనే.

కుండలో నీరు చల్లబడడానికి కారణం దాని గోడలోని సన్నని రంధ్రాలు. వాటి గుండా నీరు బయటికి ఊరి ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండ నుంచి, లోపలి నీటి నుంచి గ్రహిస్తుంది. గాలి పొడిగా ఉన్నచోట ఆవిరి వేగంగా అవుతుంది కనుక తెలంగాణ, రాయలసీమ ఎండలలో కుండ నీరు చక్కగా చల్లబడుతుంది. సముద్రతీరపు ఉక్కపోతలో అంతగా చల్లబడదు. నీటి కుండకు నూనె రంగులు పూస్తే ఈ రంధ్రాలు మూసుకొనిపోతాయి. చూపులకు అందంగా ఉన్నా, నీటి కోసం రంగుకుండ కొనరాదు. మునివేళ్ళతో తట్టినప్పుడు ఖంగుమని మోగితే కుండ బాగా కాలిందని, పగుళ్ళు లేవని అర్థం. బొద్దుగా పలికితే పగులు ఉన్నదని అనుమానించాలి.

సారె మీద కుండ పూర్తవుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి సారె మీద మూతి, మెడ, గోడ మాత్రమే రూపొందుతాయి. దారంతో కోసి తీసినప్పుడు అడుగు తెరచి ఉంటుంది. కొంత ఆరిన తరువాత లోపల రాతి గుండును ఆనించి, వెలుపల కొయ్య పలకతో మెల్లగా తట్టుతూ అడుగును మూసి గుండ్రంగా మలుస్తారు. ఎక్కడ ఎక్కువ తట్టినా గోడ పలుచబడి ఆవంలో పగిలిపోతుంది. మేళాలో సారె తిప్పి చూపడం సందర్శకులను ఆకర్షిస్తుంది కాని, కుమ్మరి నేర్పు తెలిసేది ఈ తట్టే పనిలోనే. దానిని కూడా చూపమని కోరవలసి ఉన్నది.

కుమ్మరి పక్కనే మేదరుల దుకాణాలు ఉంటాయి. చాటలు, జల్లెడలు, గంపలు, తడికలు, విసనకర్రలు ఒకప్పుడు ప్రతి ఇంటికి అవసరమైన వస్తువులు. ప్లాస్టిక్ రాకతో వాటి గిరాకీ తగ్గి, మేదరులు దీపపు బుట్టలు, పూలసజ్జలు, బహుమతి పెట్టెల వైపు మళ్ళారు. వెదురు బుట్ట నాణ్యత తెలుసుకొనడానికి దాని అంచును పరిశీలించాలి. బద్దల కొనలు లోపలికి మడిచి అల్లి ఉంటే అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కొనలు బయటికి పొడుచుకొని వచ్చి, జిగురుతో అతికించి ఉంటే త్వరలోనే ఊడిపోతుంది. 2017లో భారత అటవీ చట్టానికి చేసిన సవరణ వలన అడవి కాని భూములలో పెంచిన వెదురు చెట్ల నిర్వచనం నుంచి తొలగింది. దానిని నరకడానికి, తరలించడానికి ఉన్న ఆంక్షలు సడలాయి. ఈ వెసులుబాటు గురించి తెలియని మేదరులకు స్థానిక అధికారులు అవగాహన కల్పించవలసి ఉన్నది.

కథ చెప్పే పటం: చేర్యాల

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు చిత్రించిన పటాలు ఎర్రని నేపథ్యంతో దూరం నుంచే గుర్తించదగినవిగా ఉంటాయి. ఇవి గోడకు తగిలించుకొనే అలంకారంగా పుట్టినవి కావు. కులపురాణాలను గానం చేసే కథకులకు ఇవి పనిముట్లు. సుమారు మూడు అడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు గల పటాన్ని కథకుడు చుట్టగా చుట్టి, ఊరూరా తిరిగి, రాత్రివేళ ఒక్కొక్క భాగం విప్పుతూ కథ చెప్పేవాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం ఆ విధంగా వినిపించేవారు.

ముతక నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, నునుపు చేస్తే పటం సిద్ధమవుతుంది. సన్నని కుంచెతో రూపురేఖలు తీర్చి రంగులు నింపుతారు. కొబ్బరి చిప్పల మీద, రంపపు పొట్టు-చింతగింజల ముద్దతో చేసిన ముసుగులు, బొమ్మలు కూడా ఇదే కుటుంబాలవారు తయారుచేస్తారు.

సినిమా, టెలివిజన్ రాకతో పటం కథలకు ఆదరణ తగ్గింది. పొడవైన పటాలను చేయించుకొనే కథకులు అరుదయ్యారు. నేడు మేళాలో కనిపించే చిన్న చతురస్రపు చిత్రాలు ఈ మార్పుకు ఫలితం. ఒక చిత్రం కొనేటప్పుడు “ఇది ఏ కథలోని ఘట్టం?” అని అడగవలసినదిగా సూచన. కథ తెలిసిన చిత్రకారుడు ఉత్సాహంగా చెబుతాడు. పటం నుంచి విడివడిన చిత్రానికి కథ తిరిగి దక్కేది ఈ ఒక్క ప్రశ్నతోనే.

లోహంలో మూడు మార్గాలు

ఆదిలాబాద్ డోక్రా, పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ వెండి తీగపని అనే మూడు లోహ కళలు మేళాలో దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇవి మూడు వేర్వేరు పద్ధతులు. వాటి తేడా తెలిస్తే ధరలోని తేడా కూడా తెలుస్తుంది.

డోక్రా పని ఓజలది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఉషేగాం వంటి గ్రామాలలో వీరు నివసిస్తున్నారు. గోండు, కొలాం గిరిజనుల దేవతామూర్తులను, పూజా సామగ్రిని పోతపోసి ఇవ్వడం వీరి కులవృత్తి. మట్టితో లోపలి ఆకారం చేసి, దానిపై సన్నని మైనపు తీగలను చుట్టి, మరల మట్టి పొరలు పూసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోగా ఏర్పడిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. ప్రతిమను వెలికి తీయడానికి మట్టి అచ్చును పగులగొట్టాలి. కనుక ఒక అచ్చుకు ఒక ప్రతిమ మాత్రమే వస్తుంది. దుకాణంలో అన్ని విధాలా ఒకే తీరున ఉన్న పది ప్రతిమలు కనిపిస్తే అవి ఈ పద్ధతిలో చేసినవి కావని గ్రహించవచ్చు.

జనగామ జిల్లా పెంబర్తి కళాకారులు పోతపోయరు. ఇత్తడి రేకును వేడిచేసి మెత్తబరచి, జిగట పదార్థంతో చేసిన మెత్త మీద పరచి, ఉలులతో, సుత్తెలతో కొట్టి బొమ్మను ఉబ్బెత్తుగా తెస్తారు. దేవాలయాల ధ్వజస్తంభాల తొడుగులు, ద్వారబంధాలు, వాహనాలు ఈ విధంగా రూపొందుతాయి. కాకతీయుల కాలం నుంచి ఈ పనికి ఆదరణ ఉన్నదని ప్రతీతి. రేకు వెనుకవైపు చూస్తే సుత్తె దెబ్బల గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. యంత్రపు అచ్చుతో నొక్కిన రేకుకు ఆ గుర్తులు ఉండవు.

కరీంనగర్ వెండి తీగపనిలో కరిగించిన వెండిని సన్నని తీగలుగా లాగి, రెండు తీగలను పెనవేసి, కొద్దిగా చదును చేసి, చుట్టలుగా మలచి, మందపాటి తీగతో చేసిన చట్రంలో నింపి అతుకుతారు. గంధపు గిన్నెలు, పన్నీరు బుడ్లు, పళ్ళేలు, ఆభరణాలు ఇందులో ప్రసిద్ధి. వస్తువును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తీగల మధ్య వెలుగు జల్లెడలా ప్రసరిస్తుంది. వెండి తూకాన్ని బట్టి మాత్రమే ధర కట్టడం ఈ పనికి సరికాదు. తీగ ఎంత సన్నగా ఉంటే వెండి అంత తక్కువ, శ్రమ అంత ఎక్కువ.

కొయ్యబొమ్మలు: చెట్టు నిలిస్తేనే బొమ్మ

నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా చోటు సంపాదించుకొన్నాయి. ఇవి నేటి రెండు తెలుగు రాష్ట్రాలకు చెందినవైనా, శిల్పారామం వంటి వేదికలలో కలిసే కనిపిస్తాయి.

నిర్మల్, కొండపల్లి కళాకారులు వాడేది పొనికి కొయ్య. తేలికగా, మెత్తగా ఉండి ఉలికి సులభంగా లొంగుతుంది. తేమ పోయేవరకు కొయ్యను ఆరబెట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూత పూసి రంగులు వేస్తారు. కొండపల్లి వారి అంబారీ ఏనుగు, దశావతారాలు, తాడిచెట్టు ఎక్కుతున్న గీతకార్మికుడు బొమ్మల కొలువులలో సుపరిచితాలు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో పద్ధతి వేరు. అక్కడ అంకుడు కొయ్యను తరిణి పట్టి తిప్పుతూ గుండ్రని రూపాలు తీస్తారు. తిరుగుతున్న కొయ్యకు రంగు లక్క కడ్డీని ఒత్తిపట్టినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి పూతగా అంటుకొంటుంది. పసుపు, నీలిమందు వంటి సహజ వర్ణాలతో లక్కకు రంగులు అద్దే విధానాన్ని పునరుద్ధరించినందుకు ఈ గ్రామానికి చెందిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఈ మూడు కేంద్రాలకు ఉన్న ఉమ్మడి సమస్య కొయ్య కొరత. సమీప అడవులలో పొనికి, అంకుడు చెట్లు తగ్గిపోవడంతో కళాకారులు దూరప్రాంతాల నుంచి కొయ్య తెచ్చుకోవలసి వస్తున్నది. బొమ్మ ధరలో రంగుకంటే, కొన్నిసార్లు పనికంటే, కొయ్య భారమే అధికమవుతున్నది. మేళాలు ఎన్ని నిర్వహించినా, ఈ చెట్లను నాటి పెంచనిదే బొమ్మల పరిశ్రమ నిలువదు. సామాజిక వనాలలో, చెరువు గట్లపై, పంచాయతీ భూములలో ఈ జాతులను నాటేటప్పుడు కళాకారుల సంఘాలను భాగస్వాములను చేయడం ప్రయోజనకరం.

వస్త్రాలు: అసలు, నకలు

నకలు వలన ఎక్కువగా నష్టపోతున్నది వస్త్రకళ. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి మరో రంగులో ముంచుతారు. అలా రంగులద్దిన నూలు మగ్గం మీద లెక్క తప్పకుండా కలిసినప్పుడు నమూనా ఏర్పడుతుంది. అందువలన అసలైన ఇక్కత్‌లో రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. నమూనా అంచులు కత్తితో కోసినట్లుండక కొద్దిగా చెదిరినట్లు ఉంటాయి. అచ్చువేసిన గుడ్డను తిరగవేస్తే వెనుకవైపు రంగు వెలిసినట్లు కనిపిస్తుంది. ఈ పరీక్షకు అర నిమిషం చాలు.

ఈ నేతలో భాగమైన ఆసు పోసే పనిలో స్త్రీలు ఒక్కొక్క చీరకు వేల సార్లు చేయి ఆడించవలసి వచ్చేది. తల్లి పడుతున్న బాధను చూసి చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది. యంత్రం అన్నది చేతిపనికి శత్రువు కానవసరం లేదని, నడుము విరిచే శ్రమను తగ్గించి నేర్పును నిలబెట్టగలదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ రసం, గేదెపాల మిశ్రమంలో నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు వలన రంగు పాకిపోకుండా ఉంటుంది. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరవేసిన ద్రవంతో గీసిన గీత కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. ఎర్రని రంగు రావలసిన చోట పటిక పూసి, రంగుల వేళ్ళతో ఉడికిస్తారు. దశదశకు పారే నీటిలో ఉతికి, ఎండలో ఆరవేయాలి. నీరు, ఎండ రెండూ అనుకూలించనిదే ఈ పని సాగదు. ఈ కళకు చేసిన సేవకు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి 2008లో పద్మశ్రీ అందుకొన్నారు. కృష్ణా జిల్లా పెడన కేంద్రంగా సాగే మచిలీపట్నం కలంకారీ మరొక శాఖ. ఇందులో చెక్కిన కొయ్య అచ్చులతో నమూనాలు అద్దుతారు.

కలంతో గీసిన వస్త్రంలో ఏ రెండు ముఖాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. కొయ్య అచ్చుతో అద్దిన దానిలో అచ్చు, అచ్చు కలిసేచోట స్వల్పమైన తేడా కనిపిస్తుంది. యంత్రంపై అచ్చయిన గుడ్డలో ఈ రెండూ ఉండవు. దానిని దాని పేరుతోనే, దాని ధరకే అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. కలంకారీ అని చెప్పి అమ్మినప్పుడే కళాకారుని కూడు పోతున్నది. రంగు వస్త్రాలను విద్యుద్దీపాల వెలుగులో కాక, సూర్యాస్తమయానికి ముందే చూసి ఎంచుకొనడం మంచిది.

భౌగోళిక గుర్తింపు: పరిధి, పరిమితి

ఒక ప్రాంతంతో ముడిపడిన ఉత్పత్తికి చట్టరక్షణ కల్పించే భౌగోళిక సూచికల చట్టాన్ని 1999లో పార్లమెంటు ఆమోదించగా, 2003 సెప్టెంబరు నుంచి అది అమలులోకి వచ్చింది. నమోదు కార్యాలయం చెన్నైలో ఉన్నది. పోచంపల్లి ఇక్కత్, శ్రీకాళహస్తి కలంకారీ తొలి సంవత్సరాలలోనే నమోదయ్యాయి. కొండపల్లి బొమ్మలు, కరీంనగర్ వెండి తీగపని, చేర్యాల చిత్రాలు, నిర్మల్ బొమ్మలు, పెంబర్తి లోహపు పని తరువాతి సంవత్సరాలలో ఆ జాబితాలో చేరాయి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో గుర్తింపు లభించింది.

నమోదు పదేళ్ళపాటు చెల్లుతుంది. ఆ తరువాత పునరుద్ధరించుకోవాలి. సంఘం పేరున నమోదు ఉన్నంత మాత్రాన పని పూర్తికాదు. ఆ గుర్తింపును వాడుకొనడానికి కళాకారులు అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావలసి ఉంటుంది. నకలుపై చర్య తీసుకొనడానికి ఫిర్యాదు చేసేవారు, దానిని పరిశీలించేవారు ఉండాలి. గుర్తింపు పత్రం దానంతట అది మార్కెట్‌ను కాపాడదు. మేళాలో “మీకు అధీకృత వినియోగదారు ధ్రువపత్రం ఉన్నదా?” అని అధికారులు ప్రతి కళాకారుని అడిగి, లేనివారి దరఖాస్తులను అక్కడే నింపించగలిగితే, ఆ మేళా ప్రయోజనం రెట్టింపవుతుంది. చేనేత వస్త్రాలకు 2006లో ప్రవేశపెట్టిన చేనేత ముద్ర కూడా కొనుగోలుదారుకు ఒక ఆధారం.

ధర, బేరం

మేళాలో బేరమాడడం మన అలవాటు. అయితే దుకాణం పెట్టిన కళాకారుడు చెప్పే ధరలో ముడిసరుకు, పనిదినాలు మాత్రమే కాక, పనిలో చెడిపోయిన వస్తువుల నష్టం, రవాణా, బస, భోజనం ఖర్చులు, అమ్ముడుపోని సరుకును తిరిగి తీసుకొనిపోయే భారం కూడా ఉంటాయి. ధర సగానికి తగ్గించమని కోరడం అంటే కూలిని వదులుకొమ్మని కోరడమే. “దీనికి ఎన్ని రోజులు పట్టింది?” అన్న ప్రశ్న అడిగి, వచ్చిన సమాధానంతో ధరను భాగించి చూస్తే, రోజుకు ఎంత కూలి గిట్టుతున్నదో కొనేవారికే అర్థమవుతుంది.

మేళా అమ్మకాలకంటే మేళా తరువాత వచ్చే ఆర్డర్లు కళాకారునికి ఎక్కువ మేలు చేస్తాయి. పెళ్ళిళ్ళకు, సభలకు, కార్యాలయాలలో జ్ఞాపికలకు నేరుగా కళాకారునికే ఆర్డరు ఇస్తే మధ్యవర్తుల వాటా మిగులుతుంది. సెల్‌ఫోను చెల్లింపులు పల్లెలకు కూడా చేరినందున ఇది నేడు కష్టమైన పని కాదు. కొన్న వస్తువుతోపాటు తయారీదారు చిరునామా తీసుకొనడం అలవాటు చేసుకోవాలి.

ఎండ, గాలివాన: నిర్వాహకులకు సూచనలు

వేసవిలో ఆరుబయట మేళా నిర్వహణకు ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. లక్క పూత ఎండవేడికి మెత్తబడుతుంది. డోక్రా ప్రదర్శనకు తెచ్చిన మైనపు తీగలు రూపు కోల్పోతాయి. సహజ వర్ణాల వస్త్రాలు నేరుటెండలో వెలిసిపోతాయి. తోలుబొమ్మలు ముడుచుకొంటాయి. అందువలన దుకాణాల ముఖం పడమర వైపు ఉండకుండా చూడడం, రేకుల కప్పు బదులు తాటాకు లేదా గడ్డి కప్పు వేయడం ఉత్తమం. కొనుగోలుదారులు సైతం లక్కబొమ్మలను ఎండలో నిలిపిన కారులో వదిలి వెళ్ళరాదు.

ఏప్రిల్, మే నెలలలో సాయంకాలం హఠాత్తుగా గాలివాన రావడం సాధారణం. పది నిమిషాల వాన పటాలను, వస్త్రాలను, ఆరని కుండలను పాడుచేయగలదు. నేలకు అడుగైనా ఎత్తున అరుగులు, ప్రతి దుకాణానికి టార్పాలిన్, సరుకు భద్రపరచుకొనడానికి తలుపులున్న ఒక గది ముందుగానే సిద్ధంగా ఉండాలి. కళాకారులు ఉదయం నుంచి అక్కడే ఉంటారు కనుక తాగునీరు, మజ్జిగ, విశ్రాంతి స్థలం, స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స సదుపాయం సందర్శకులతో సమానంగా వారికీ కల్పించాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది దుకాణాల కేటాయింపు. వ్యాపారులు కళాకారుల పేరుతో దుకాణాలు పొంది యంత్రపు సరుకును అమ్మితే మేళా ఉద్దేశమే దెబ్బతింటుంది. కేంద్ర హస్తకళల విభాగం జారీచేసే గుర్తింపు కార్డును పరిశీలించడం, దుకాణం ముందు పనిచేసి చూపడాన్ని తప్పనిసరి చేయడం ఇందుకు తగిన మార్గాలు. 1994లో ప్రారంభమైన ఢిల్లీ హాట్‌లో దుకాణాలను శాశ్వతంగా ఇవ్వక, వంతులవారీగా కొద్దిరోజులకు మాత్రమే కేటాయించే పద్ధతి ఉన్నది. స్థానిక కళాకారులలో ఎక్కువమందికి అవకాశం దక్కాలంటే ఈ వంతుల పద్ధతి అనుసరణీయం.

పథకాలను దుకాణం దగ్గరికే తేవాలి

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. కుమ్మరులు, బుట్టలు-చాపలు అల్లేవారు, బొమ్మల తయారీదారులు, శిల్పులు, స్వర్ణకారులు వాటిలో ఉన్నారు. పనిముట్ల కోసం రూ.15,000 వరకు సహాయం, శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, రెండు విడతలలో రూ.3 లక్షల వరకు 5 శాతం వడ్డీతో రుణం ఇందులోని ముఖ్యాంశాలు. నేత, చిత్రలేఖనం ఆ జాబితాలో విడిగా లేవు. ఆ కళాకారులను చేనేత, హస్తకళల విభాగాల పథకాలకు అనుసంధానించవలసి ఉంటుంది.

బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. హస్తకళల విభాగంలో నమోదైన కళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకు దీని నుంచి మినహాయింపు ఉన్నది. నమోదు లేని కొయ్యబొమ్మల కళాకారునికి ఈ మినహాయింపు అందదు. మేళా ప్రాంగణంలో ఒక సహాయ కేంద్రం ఏర్పాటు చేసి, నమోదు, బ్యాంకు, బీమా పనులను ఒకేచోట పూర్తిచేయిస్తే, కార్యాలయాల చుట్టూ తిరిగే పనిదినాలు కళాకారునికి మిగులుతాయి.

పాత్రికేయులకు మనవి

మేళా వార్త సాధారణంగా ప్రారంభోత్సవంతో మొదలై, ముఖ్య అతిథి ప్రసంగంతో ముగుస్తుంది. కళాకారుని ఛాయాచిత్రం కింద అతని పేరు, ఊరు ఉండడం అరుదు. చిత్రం కింద ఆ రెండు వివరాలు, వస్తువు పేరు ఇవ్వగలిగితే, ఆ వార్తే కళాకారునికి ప్రచారమవుతుంది. ఎంతమంది సందర్శించారన్న అంకెతోపాటు, ఎంతమంది కళాకారులు పాల్గొన్నారు, వారిలో పాతికేళ్ళలోపువారు ఎందరు, మేళా ముగిసిన నెలకు ఎన్ని ఆర్డర్లు వచ్చాయి అన్న వివరాలను నిర్వాహకుల నుంచి సేకరించడం సముచితం. దుకాణంలో తండ్రి పక్కన కూర్చున్న కుమారుడు లేదా కుమార్తె ఆ పనిని కొనసాగించదలచుకొన్నారా అన్నదే ఏ మేళాకైనా అసలైన ఫలితం.

ఒక్కో దుకాణం ముందు అయిదు నిమిషాలు నిలిచి పనిని చూడడం, మూడు ప్రశ్నలు అడగడం, నచ్చిన ఒక్క వస్తువునైనా న్యాయమైన ధరకు కొనడం ప్రతి సందర్శకునికి సాధ్యమే. ఏ ఊరు, ఏ ముడిసరుకు, ఎన్ని రోజులు అన్నవే ఆ మూడు ప్రశ్నలు. చెట్లను పెంచడం, నకలును అరికట్టడం, దుకాణాలను అసలైన కళాకారులకు కేటాయించడం ప్రభుత్వ యంత్రాంగం బాధ్యత. ఈ రెండూ కలిసినప్పుడే వేసవి సాయంకాలపు వినోదం కళాకారుని ఇంట ఏడాది పొడవునా జీవనోపాధిగా మారుతుంది. ఆ దిశగా అధికారులు, పాత్రికేయులు, సందర్శకులు తమ వంతు కృషి చేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.